పంక్తిభేదము లేని భోజనశాల

కాయకమును గూర్చి వెనుకటి పాఠములలో కొంత ముచ్చటించుకొంటిమి. ఈ పర్యాయము దాసోహమును గూర్చి చెప్పుకొందము. శాస్త్రచర్చకు పోక, ఒక బడి భోజనశాలను ఆధారముగా గైకొని చెప్పదలచితిని. ఆ భోజనశాలకు మూడు మెట్లున్నవి. ఈ పాఠము ఆ మెట్ల దగ్గరనే మొదలగును.

దాసోహమనగానే మనకు ముందుగా తోచునది అన్నము. గంగాళములలో పప్పు, గంపలలో అన్నము, బారులు తీర్చిన విస్తళ్లు కన్నులకు కట్టును. కాని ఆ మాటలో అన్నమను పదము ఎక్కడను లేదు. ‘నేను దాసుడను’ అనుటయే దాని అర్థము. పెట్టువాడు పైవాడు, తినువాడు క్రిందివాడు అను లోకపు లెక్కను పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు తలక్రిందులు చేసినాడు. బిజ్జలుని కొలువులో భండారిగా నుండి, కల్యాణమునందలి తన మహామనెను జంగమ దాసోహమునకు నెలవు గావించిన ఆ మహనీయుని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు ద్విపదలో మన తెలుగువారికి అందించినాడు. త్రాళ్లు పేనువాడు, పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు, చెప్పులు కుట్టువాడు శరణులై సమానముగా కూర్చుండగలిగిన కాలమది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మనకు తెలిసినదే. నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ ఆ ఎక్కువ బియ్యమును మరల అచ్చటనే పోసి రమ్మన్నది. దాసోహమునకు కొలత బియ్యపురాశి కాదని ఆ ఇల్లాలు తేల్చినది. మరి కొలత ఏది? పంక్తిలో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూచుటయే కొలతయని నా తలపు. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. ఎట్లు తెలిసినదో చెప్పెదను.

కొన్నేండ్ల క్రితము ఒక పల్లెలోని బడికి మన సమాజమువారే కొందరు చందాలు వేసికొని భోజనశాల కట్టించిరి. ఎత్తైన పునాది, నునుపైన నాపరాతి నేల, ముందు మూడు నల్లరాతి మెట్లు, మెట్ల ప్రక్కన దాతల పేర్లు చెక్కిన చలువరాతి పలక. నమూనా పటము చూచి సరేనన్నవారిలో నేనును ఒకడను. ప్రారంభోత్సవమునాడు అందరితోబాటు నేనును బంతిలో కూర్చుండి భోజనము చేసితిని. ఏ లోపమును కానరాలేదు.

మరుసటి యేడు వేరొక పనిమీద ఆ బడికి పోయితిని. మధ్యాహ్నపు వేళ. ఖాళీగా నున్న తరగతి గదిలో ఒక బాలిక చక్రాల కుర్చీలో ఒంటరిగా కూర్చుండి, ఒడిలో పళ్లెము పెట్టుకొని తినుచున్నది. సెరిబ్రల్ పాల్సీ అని వైద్యులు చెప్పు మస్తిష్క పక్షవాతము వలన ఆమె కాళ్లు బిగుసుకొని యున్నవి. చేతులు కొంత వణకుచున్నవి. తమ్ముడు పళ్లెము తెచ్చి యిచ్చి, తన స్నేహితుల దగ్గరకు పరుగెత్తినాడు.

“ఏమ్మా, కడుపు నిండిందా?” అని అడిగితిని.

“నిండింది తాతా. పప్పు బాగుంది,” అన్నది. కొంచెము సేపాగి, “అక్కడ అందరూ నవ్వడం వినబడుతుంది గాని, ఎందుకు నవ్వుతున్నారో తెలీదు,” అన్నది.

ఆమెకు అన్నము ముట్టినది. లెక్కల పుస్తకములో ఆ దినము హాజరైన పిల్లలందరును భుజించినట్లే వ్రాసియుందురు. అది అబద్ధము కాదు. కాని దానిని దాసోహమందుమా? ఒకే బంతిలో ఒకనికి నేయి, వేరొకనికి నూనె వడ్డించుటను మన పెద్దలు పంక్తిభేదమని నిందించిరి. బంతిలోనికే రానీయకపోవుట అంతకన్న పెద్ద భేదము కదా! కులము పేర వేరుగా కూర్చుండబెట్టుటను శరణులు ఎదిరించిరి. మెట్ల మూలమున వేరుగా కూర్చుండబెట్టిన మేము, ఆ పని చేసితిమని గుర్తింపనైనను లేదు. ఆ బాలికను ఎవ్వరును రావద్దనలేదు. అందువలననే అది ఎవ్వరి తప్పుగాను కనబడలేదు.

జంగమమనగా చరించునది, స్థావరమనగా నిలిచియుండునది. మనము కట్టించినది స్థావరము. అది చరించువారికి దారి యియ్యవలెను గాని అడ్డు నిలువరాదు. జంగమ శబ్దమునకు ఇంత సామాన్యార్థము చెప్పవచ్చునా యని పండితులు కోపింతురేమో. నేను పండితుడను గాను.

మన సంప్రదాయమునకు ఈ విషయము క్రొత్త కాదు. అరువది ముగ్గురు పురాతనులలో దండి అడిగళ్ అను భక్తుడు పుట్టంధుడు. తిరువారూరు కోనేరు పూడిపోవుచుండగా దానిని తానే త్రవ్వ పూనుకొనెను. త్రవ్వుచోట ఒక గుంజ, గట్టుమీద ఒక గుంజ పాతి, నడుమ త్రాడు కట్టి, ఆ త్రాటిని తడవుకొనుచు మట్టి మోసెనని సెక్కిళారు పెరియ పురాణమున వ్రాసినాడు. తుదకు శివానుగ్రహమున చూపు వచ్చెనను మహిమనే మనము తరచుగా చెప్పుకొందుము. నా మనస్సు మాత్రము ఆ త్రాటిమీద నిలిచినది. చూపు వచ్చుటకు ముందే, ఆ త్రాడును ఆ రెండు గుంజలును ఆయన కాయకమును సాగనిచ్చినవి. నేడు మనము అంగవైకల్యము గల పిల్లలకు చేయవలసిన ఏర్పాట్లన్నియు ఆ త్రాటి వంటివే.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమును నడపిన పంచాక్షరి గవాయి (1892–1944), ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయి (1914–2010) ఇరువురును అంధులే. అంధబాలురకును అనాథలకును అన్నము, ఆశ్రయము, సంగీతవిద్య ఒకే చోట లభింపజేసిరి. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వాములు (1907–2019) వేలాది పిల్లలకు కులమత విచక్షణ లేక అన్నము, అక్షరము, ఆశ్రయము నొసగి త్రివిధ దాసోహి యనిపించుకొనిరి. ఇట్టివారి పేర్లు చెప్పుకొను మనము, భోజనశాల కట్టునప్పుడు కొలబద్ద చేతబట్టి ఒక్కసారి ఆలోచింపవద్దా?

మొదట మెట్ల సంగతి. ఆరంగుళముల మెట్లు మూడనగా నేలనుండి అడుగున్నర ఎత్తు. ర్యాంపు అని వ్యవహరించు వాలుదారికి, ఒక అడుగు ఎత్తునకు కనీసము పండ్రెండడుగుల పొడవుండవలెనని నియమము. ఈ లెక్కన అడుగున్నరకు పదునెనిమిది అడుగులు కావలెను. మన మేస్త్రీలు సాధారణముగా మెట్లమీదనే ఐదారడుగుల పొడవున సిమెంటు పోసి “ర్యాంపు అయినదండీ” అందురు. అది మోటారు సైకిలు ఎక్కించుటకు పనికివచ్చును గాని బిడ్డకు పనికిరాదు. ఎక్కునప్పుడు కుర్చీ వెనుకకు ఒరగును, దిగునప్పుడు పట్టుతప్పి జారును. పండ్రెండింట ఒక వంతు అనునది కూడ మిక్కిలి నిటారైన హద్దు. తన చేతులతో తానే చక్రములు త్రిప్పుకొను పిల్లకు పదునైదింట, ఇరువదింట ఒక వంతైనచో మరింత సుఖము. వెడల్పు నాలుగడుగులు, పైనను క్రిందను ఐదడుగుల చదునుచోటు, ఇరుప్రక్కల రెండున్నర అడుగుల యెత్తున ఒకటి, మూడడుగుల యెత్తున ఒకటి పట్టుకమ్ములు, చక్రము అంచు దాటి పడిపోకుండ చిన్న గట్టు ఉండవలెను. నేల గరుకుగా నుండవలెను. ముందు స్థలము చాలదని దిగులు పడనక్కరలేదు. మేము తరువాత గోడవెంట తొమ్మిదడుగులు పోయి, ఐదడుగుల చదునుచోట మలుపు త్రిప్పి, మరల తొమ్మిదడుగులు నడిపించితిమి. క్రొత్తగా కట్టువారికి ఇంకొక సులువైన మార్గమున్నది: పునాది ఎత్తు తగ్గించి, ముంగిలినే మెల్లగా వాలునట్లు చదును చేయించి, అందరును ఒకే దారిన వచ్చునట్లు చేయుట. వరదనీరు చేరని చోట ఇదియే ఉత్తమము. వెనుకదారిన, వంటచెరకు ప్రక్కనుండి వాలుదారి పెట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు. పెరటిదారిన వచ్చినవాడు పంక్తిలో కూర్చున్నను పెరటివాడే యగును.

తరువాత గడప. మనవారికి గడప పూజనీయము. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుదురు. ఇంటి గడప జోలికి నేను పోను. భోజనశాలకు మాత్రము పొడుచుకొని వచ్చు గడప వలదు. దాని స్థానమున నేలతో సమముగా పసుపుపచ్చని పట్టె ఒకటి వేయింపవచ్చును. మంగళకరము గానుండును, మందదృష్టి గల పిల్లలకు ద్వారమెచటనో తెలియును. ద్వారము వెడల్పు తలుపు తెరచిన తరువాత మూడడుగులు మిగులవలెను. చట్రమునుండి చట్రమునకు కొలిచి సరిపెట్టుకొన్నచో తలుపు మందము మనలను మోసగించును.

లోపలికి వచ్చిన పిల్ల ఎక్కడ కూర్చుండవలెను? ఇక్కడనే ఎక్కువ ఆలోచన అవసరము. మన బడులలో నేలపై పట్టలు పరచి కూర్చుండబెట్టుట వాడుక. అందరును నేలమీద నుండగా ఒక్కతె మాత్రము కుర్చీలో ఎత్తున కూర్చున్నచో, బంతిలో నున్నట్లే యుండును గాని ఎవరి ముఖమును ఆమె ముఖమునకు ఎదురుపడదు. అట్లని నేలబంతిని పూర్తిగా మానిపించుటయు తప్పే. కాళ్లు బలములేక పాకుచు వచ్చు బాలునికి నేలయే సుఖము, బల్ల యనునది అడ్డుగోడ. కొందరు పిల్లలు వీపునకు గోడ ఆనిక దొరకినచో నేలమీద చక్కగా కూర్చుందురు. కావున శాలలో ఒక భాగము నేలబంతి, ఒక భాగము బల్లలబంతి ఉండుట మేలు. బల్లలు వైకల్యము గల పిల్లలకు మాత్రమే కేటాయింపరాదు. వారి తరగతి పిల్లలందరును అచ్చటనే కూర్చుండవలెను.

బల్ల క్రింద మోకాళ్లు దూరుటకు చిన్న తరగతుల పిల్లలకు రెండడుగులు, పెద్దవారికి రెండడుగుల నాలుగంగుళముల ఎత్తు ఖాళీ ఉండవలెను. లోపలికి అడుగున్నరకు పైగా పోవలెను. నడుమ అడ్డుకఱ్ఱ ఉండరాదు. బెంచీ వరుసలో అక్కడక్కడ మూడడుగుల చోటు విడువవలెను, అదియును బల్ల కొసననే కాక మధ్యను కూడ. ఎప్పుడును కొసన కూర్చుండువానికి ఒక ప్రక్కనే స్నేహితుడుండును. వరుసల నడుమ కుర్చీ పోవుటకు మూడడుగులు, మరలుటకు ఐదడుగుల వృత్తము కావలెను. ఈ కొలతలన్నియు పుస్తకపు కొలతలు. ఆ పిల్ల కుర్చీనే తెప్పించి, ఆమెను కూర్చుండబెట్టి, కొలిచి చేయించుట సర్వోత్తమము. మేము కొలువక చేయించిన మొదటి బల్లకు కుర్చీ చేతులు తగిలి, పళ్లెము జానెడు దూరమున ఉండిపోయినది. వడ్రంగి మరల రావలసివచ్చినది.

వడ్డన విషయమున మన పూర్వాచారమే నేటి శాస్త్రమునకు దగ్గరగా నున్నది. ఇప్పుడు చాల చోట్ల పిల్లలు పళ్లెములు పట్టుకొని వంటగది ముందు వరుసలో నిలుచుందురు. చంకకఱ్ఱలతో నడచు బాలునికి రెండు చేతులును కఱ్ఱలకే సరి. పళ్లెము ఏ చేత పట్టును? చూపులేనివాడు వేడి పప్పుతో ఆ రద్దీని ఎట్లు దాటును? అతని కొరకు మాత్రము ఎవరో మోసి తెచ్చుట కంటె, అందరును కూర్చుండగా అందరికిని వడ్డించినచో ప్రత్యేకత యను మాటయే రాదు. వడ్డించువాడు ప్రతి విస్తరి ముందును వంగును. దాసోహము ఆ వంగుటలో నున్నది.

చూపులేని పిల్లలకు విస్తరి మర్యాద మరియొక మేలు చేయును. ఉప్పు ఇచట, పచ్చడి అచట, అన్నము నడుమ అను నియమము మనకు మొదటినుండి కలదు. ఏ దినమైనను అదే చోట అదే పదార్థము వడ్డించి, వడ్డించునప్పుడు “చారు పోస్తున్నాను నాయనా, వేడిగా ఉంది” అని నోట చెప్పినచో చాలును. గడుల పళ్లెమైనచో మరింత సుకరము. ద్వారమునుండి కూర్చుండు చోటువరకు గోడవెంట ఒక పట్టుకమ్మి, నేలపై ఒక గరుకురాతి పట్టీ ఉండవలెను. దండి అడిగళ్ త్రాడే అది. ఆ దారిలో చారు బకెట్టు పెట్టరాదు, బెంచీలు దినమునకొక రీతి మార్చరాదు.

చెవి వినబడని పిల్లలు ముఖములను, చేతులను చూచి మాటలాడుకొందురు. కనుక చీకటి శాల వారికి మూగశాల. వడ్డించువారి ముఖముపై వెలుతురు పడవలెను, కిటికీకి వీపు పెట్టి నిలువరాదు. వినికిడి యంత్రము పెట్టుకొన్నవారికి కష్టము వేరు. రేకుల కప్పు క్రింద రెండువందల స్టీలు పళ్లెముల మోత ఆ యంత్రములో పిడుగువలె మ్రోగును. ఆటిజము గల పిల్లలు కొందరు ఆ మోతకే చెవులు మూసికొని పారిపోదురు. మనము వారిని మొండివారందుము. కప్పు క్రింద తాటాకు చాపలో వెదురు తడికలో బిగించుట, బల్లలపై గుడ్డలు పరచుట, రెండు విడతలుగా భోజనము పెట్టుట వలన గోల చాల తగ్గును. ఒక మూల కొంచెము నిశ్శబ్దముగా నుండునట్లు చేసి, కోరిన పిల్ల ఒకరిద్దరు స్నేహితులతో అచట కూర్చుండ వీలు కల్పింపవచ్చును. ఆ మూలకు పొమ్మని మనము పంపరాదు.

భుజించుటలో కష్టపడు పిల్లలను గూర్చి ఒక మాట. ఇష్టలింగమునకు అర్పించిన అన్నము ప్రసాదమని, మెతుకు పారవేయరాదని మనకు కట్టడి. చేతులు వణకు బిడ్డ పళ్లెము చుట్టును అన్నము చెదరినప్పుడు కొందరు పెద్దలు ఈ ధర్మమును ఆ బిడ్డమీద ప్రయోగింతురు. అన్నమును కాపాడవలసినది పళ్లెము. అంచు ఎత్తుగా నున్న పళ్లెము, దాని క్రింద జారకుండ తడిగుడ్డ, పిడికి గుడ్డ చుట్టి లావు చేసిన చెంచా, రెండు చెవుల లోటా ఇచ్చినచో చాలవరకు చెదరదు. ఎడమచేయి మాత్రమే స్వాధీనమున గల పిల్లవానిని ‘ఎడమచేత తినరాదు’ అని మందలించుట నేను చెవులార వింటిని. శివుడిచ్చిన చేయి ఏదైన నేమి? పాదములకు ఆనిక, వీపు నిటారు, గడ్డము కొంచెము క్రిందికి ఉన్నప్పుడు మ్రింగుట సులభము. తల వెనుకకు వాల్చి నోట పోయుట ప్రమాదకరము. అన్నము శ్వాసనాళములోనికి పోవచ్చును. తిన్న వెంటనే పండుకొనబెట్టరాదు. మెత్తగా కలిపిన అన్నము కావలసినవారికి అదియు ఆ బంతిలోనే కలిపి పెట్టవలెను. అన్నిటికంటె మించి కాలము కావలెను. ఇరువది నిముషములలో గంట కొట్టు బడిలో మెల్లగా నమలు బిడ్డ సగము కడుపుతో లేచును. గంట కొట్టినను వాని ప్రక్కన ఒక స్నేహితుడు కూర్చుండుటకు ఉపాధ్యాయుడు అనుమతించిన అదియే చాలు.

చట్టము కూడ ఈ పక్షముననే ఉన్నది. బడిలో వండిన అన్నము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వ సహాయమో గుర్తింపో పొందిన విద్యాసంస్థల కట్టడములు, ఆవరణములు, వసతులు అందరికిని అందుబాటులో నుండవలెనని పదునారవ విభాగమున చెప్పినది. అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా మిగులరాదని, తప్పనిసరి నియమములుగా నుండవలెనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. ఆంధ్రప్రదేశమున 2024లో మధ్యాహ్న భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి వేళ కాని వేళలలో అన్నము పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరున నడచు పథకమున ఒక బిడ్డ మెట్ల క్రింద నిలిచిపోవుట ఆ పేరునకు తగదు.

మేము మెట్ల ప్రక్కన వాలుదారి కట్టించుటకు పూనుకొన్నప్పుడు సమాజమున ఒక పెద్దమనిషి, “ఒక్క పిల్ల కొరకు ఇంత ఖర్చా?” అని అడిగినాడు. నేను సమాధానము వెదకుచుండగా బడిలో వంటచేయు ఆమె, “ఒక్క పిల్ల ఏమిటండీ! నా మోకాళ్లకీ మెట్లెక్కడం చాతకావడంలేదు, గంగాళం మోసుకుని,” అన్నది. ఆ వాలుదారి పూర్తియైన దినమునుండి అన్నపు గంగాళములు చిన్న చక్రముల బండిమీద నడచుచున్నవి. గర్భిణియైన ఉపాధ్యాయిని ఆ దారిననే వచ్చెను. చిన్న తరగతుల పిల్లలకు అది జారుడుబండ అయినది; వారిని అదలించుటయే ఇప్పుడు పని.

ఆ బాలిక ఇప్పుడు బల్లలబంతిలో, మధ్య విడిచిన చోట కూర్చుండును. ఆ బల్లమీద నవ్వులు ఎక్కువని ఉపాధ్యాయుని ఫిర్యాదు. చేతులు కడుగు తొట్టి మాత్రము ఇంకను మారలేదు. గోడకు ఆనించి కట్టిన ఎత్తైన అరుగు అది. మోకాళ్లు దూరుటకు క్రింద చోటు లేదు, కుళాయి త్రిప్పుటకు ఆమె వ్రేళ్లకు బలము చాలదు. క్రింద ఖాళీ విడిచి, రెండున్నర అడుగుల ఎత్తున, త్రిప్పనక్కరలేక నొక్కిన నీరు వచ్చు మీట కుళాయి పెట్టింపవలెను. చిందిన నీటిలో చంకకఱ్ఱ జారకుండ ఆ చోట గరుకురాయి పరపింపవలెను. కాలువపై కప్పు రంధ్రములు అర అంగుళమునకు లోబడి యుండవలెను. వేసవి సెలవులలో చేయింతుమని అనుకొంటిమి. అంతవరకు తమ్ముడే చెంబుతో నీళ్లు తెచ్చి అక్క చేతులమీద పోయుచున్నాడు.